పూలజడ కుట్టిన గంటన్నర

ఏప్రిల్ 6
మింగేశాను. సీసం డబ్బాలోంచి తీసిన ఒక్క మాత్ర. ఇచ్చినాయన గ్లౌజులు వేసుకుని ఆరడుగులు వెనక్కి జరిగాడు. మింగేదానికి మాత్రం భయం లేదట. రెండేళ్ళుగా దడ, చెమట, చేతుల వణుకు... ఈ పాడు థైరాయిడ్‌ని ఈ రేడియోధార్మిక అయోడిన్ లోపలే మాడ్చేస్తుందట.
డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు — "కడుపుతో ఉన్నవాళ్ళకీ, చిన్నపిల్లలకీ ఇరవై ఒక్క రోజులు దూరంగా ఉండాలమ్మా." రఘు తలూపాడు. మొగుడనేవాడు తలూపడానికే ఉన్నట్టు.

ఏప్రిల్ 7
వెనక గది. పెళ్ళయిన కొత్తలో నేనూ, ఆడపడుచు శిరీషా నెలసరికి మూడేసి రోజులు కూర్చున్న గది. మళ్ళీ అదే చాప, అదే విడి కంచం. అత్తయ్యగారు కంచం గుమ్మంలోకి తోసి చెయ్యి చటుక్కున లాక్కుంటారు.

ఏప్రిల్ 8
నోట్లో ఇనుము నమిలిన రుచి. మెడ సలుపు. బాత్రూంకి వెళ్ళినప్పుడల్లా రెండేసిసార్లు ఫ్లష్ చెయ్యాలట. నా చెమటా, నా ఉమ్మూ, నాకే రోత. విడిచిన నైటీని అత్తయ్యగారు కర్రతో ఎత్తి బకెట్లో వేశారు.

ఏప్రిల్ 9
కిటికీ దగ్గర రఘు. "ఏమైనా కావాలా?" మనిషి కావాలి — నోటిదాకా వచ్చింది. మజ్జిగ అన్నాను.

ఏప్రిల్ 10
పొద్దున్నే అత్తయ్యగారు వేడినీళ్ళు, కుంకుడు పులుసు, పసుపు పెట్టారు. "ఐదో రోజు కదా సుధా, తలకి పోసుకుని లోపలికి వచ్చెయ్."
"ఇది ఆ దూరం కాదండీ. ఇంకా పదహారు రోజులు..."
"తలంటు పోసుకుంటే ఏ అంటైనా పోతుంది."
ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. రఘు — "అమ్మతో వాదనెందుకు?" పోసుకున్నాను. కళ్ళు మండాయి.

ఏప్రిల్ 12
గన్నవరం నుంచి శిరీష దిగింది. ఏడో నెల. మూడు రోజుల్లో సీమంతం. నేను గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. బయటినుంచి, "వదినా, నా మీద కోపమా?" తలనొప్పి అన్నాను.
రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యగారు గోడతో చెప్పినట్టు — "కడుపుతో ఉన్న పిల్లని చూసి తలుపేసుకోవడమేవిటి? ఓర్వలేనితనం కాకపోతే." పెళ్ళై ఏడేళ్ళు, నాకు పిల్లల్లేరు. ఆ మాట పచ్చి అబద్ధం అని రాద్దామని కూర్చున్నా... చెయ్యి ఆడటం లేదు.

ఏప్రిల్ 15
పూలజడ. ఈ ఇంట్లో కుట్టడం నాకొక్కదానికే వచ్చు. విడిగా కుట్టి ఇస్తానన్నాను. తల మీద కుడితేనే బిగువుగా ఉంటుందట. హాలు నిండా చుట్టాలు, వాళ్ళ ముందు నేను వంక పెట్టకూడదట.
శిరీష పీట వేసుకుని నా మోకాళ్ళకి వీపు ఆనించి కూర్చుంది. గంటన్నర. పటమట మార్కెట్ నుంచి తెచ్చిన మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం. మధ్యలో నా చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది. "చూడు వదినా, ఎలా తంతున్నాడో."
తీసెయ్యాలి. తియ్యలేదు. ఇన్నాళ్ళకి ఒక మనిషి ఒళ్ళు వెచ్చగా తగిలింది. ఇంకాసేపు ఉంచాను. జడ కుట్టమన్నది అత్తయ్యగారే, చెయ్యి అక్కడ ఉంచమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్ 16
మూడుసార్లు స్నానం. వేళ్ళకి మల్లెపూల వాసన ఇంకా పోలేదు.

ఏప్రిల్ 17
రఘుకి చెప్పాను. "డాక్టర్లు అలాగే భయపెడతారులే. ఏం కాదు." పెరుగన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. అసహ్యం వేసింది. ఆ మాట ఇంకోసారి అంటే బాగుండునని ఎదురుచూశాను, దానికి ఇంకా అసహ్యం వేసింది.

ఏప్రిల్ 18
శిరీష వెళ్ళేముందు గదిలోకి వచ్చింది. "ఆ మందు మింగినవాళ్ళు మాలాంటివాళ్ళకి దూరంగా ఉండాలటగా? మా తోడికోడలు అంది. నీకెన్ని రోజులన్నారు వదినా?"
"ఐదు."
"హమ్మయ్య" అని నా భుజం మీద తల వాల్చింది. కాన్పుకి వస్తానంది, ఆసుపత్రిలో నువ్వే పక్కనుండాలంది.
కారు వెళ్ళాక డాక్టరుగారికి ఫోన్ చేశాను. "చెప్పండమ్మా" అన్నారు.
మెడ సలుపు ఇంకా తగ్గలేదండీ, అన్నాను.