మూడో గుంపు

శనివారం, మధ్యాహ్నం రెండు గంటలు
ఐసీయూ నర్సుల గది

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు, వాటి వెనకే చీవాట్లు కూడా. ఇక్కడ మేమంతా క్షేమం. మీ బావ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు మూడుసార్లు ఫోను చేశావు, నేను ఎత్తలేదు. ఎత్తితే నన్ను ఒక్క ముక్క పూర్తి చేయనివ్వవు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నీ పరిశోధన గొప్పదే, కాదనను. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఊపిరాడక వెంటిలేటర్ మీదికి వచ్చేవాళ్ళందరి జబ్బుకీ పేరు ఒకటే అయినా, లోపల జరిగేది ఒకటి కాదన్నావు. కొందరి ఒంట్లో మంట చెలరేగుతుంది, కొందరిలో ఉండదు. ఒకరిని బతికించే మందు ఇంకొకరికి చేటు చేస్తుందన్నావు. రక్తపరీక్షల అంకెలు చూసి రెండు గుంపులు చేశావు. బాగుంది. అక్కడితో ఆగొచ్చు కదా? మూడో గుంపు దొరికిందని ఎగిరి గంతేశావు. వాళ్ళకి ఆ మంటను అణిచే స్టెరాయిడ్ మందు పడదేమోనని రాసి పంపావు. మా పెద్ద డాక్టరు గారు ఆ కాగితం చూసి, ఏడో మంచం మీది దర్జీకి బుధవారం మందు ఆపేశారు.

అప్పటినుంచీ ఆ మనిషి దిగజారిపోతున్నాడు. నాకు ఓపిక నశించి, నీ మూడో గుంపు పద్దెనిమిది మంది కేసు షీట్లూ ముందేసుకుని కూర్చున్నాను. ఒకడు దర్జీ, ఒకావిడ పాటల టీచరు, ఇంకొకడు లారీ డ్రైవరు. వయసు కలవదు, జబ్బు మొదలైన తీరూ కలవదు. కలిసింది ఒక్కటే, అందరూ ఏదో ఒక ఆదివారం చేరినవాళ్ళు. నీ పరీక్షలు చేసే ల్యాబ్‌కి ఆదివారం సెలవు. రక్తం గొట్టాలు సోమవారం ఉదయం దాకా స్టాండులో పడి ఉంటాయి. నిలవున్న రక్తంలో చక్కెర పడిపోతుంది, ఇంకా ఏవేవో పెరుగుతాయి. కొత్త రకం రోగులంటావేంట్రా, అది పాతబడ్డ రక్తం. కంప్యూటరు ముందు కూర్చుని మనుషుల్ని విడదీసే ముందు ఒక్కసారి వార్డుకి వచ్చి చూడమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?

నిన్న పట్టుబట్టి దర్జీకి మళ్ళీ రక్తం తీయించి అప్పటికప్పుడే పంపాను. మంట ఉన్న గుంపులోవాడే. మందు మళ్ళీ మొదలైంది. గట్టెక్కుతాడో లేదో రెండు రోజులు పోతేగాని చెప్పలేమంటున్నారు. ఆ మూడో గుంపును ఇవాళే వెనక్కి తీసుకో.

ఇట్లు,
ఇంకా కోపం చల్లారని
అక్క

తా.క.: మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పాను. గొట్టాల మీద రక్తం తీసిన సమయం సోమవారం ఉదయం ఏడు అని ఉంటే, అది పాత రక్తమని నాకెలా తెలుస్తుందని నువ్వు అడుగుతావు. నాలుగు గంటలు దాటిన గొట్టాన్ని ల్యాబ్ వాళ్ళు తిప్పి పంపేస్తారు. అప్పుడు మళ్ళీ సూది గుచ్చాలి. కమిలిపోయిన ఆ రోగుల చేతులు చూడలేక, ఆదివారం తీసినవాటి మీద సోమవారం ఏడు అని వేయమని మా నర్సు అమ్మాయిలకు చెప్పింది నేనే. ఇందాక పెద్ద డాక్టరు గారి దగ్గర ఒప్పుకున్నాను. నీతో చెప్పడానికే ఇన్ని తిట్లు కావాల్సి వచ్చాయి. పొద్దున దర్జీ భార్య నా చేతులు పట్టుకుంది. ఆయనకి సూదులు తక్కువ పడేలా చూస్తున్నానట, ఆ మేలు మరిచిపోనంది.