ఒకే పేరు, రెండు మోతాదులు

బావగారికి,

పిల్లల మందు లెక్కగట్టడానికి ఆస్పత్రి కంప్యూటర్లో నేను రాసిన ప్రొసీజర్‌కు, అంటే చిన్న ప్రోగ్రాముకు, పేరు ‘మోతాదు’. పెద్దల మందుకు మీరు రాసినదానికీ అదే పేరు పెట్టారు. కొన్ని కంప్యూటర్ భాషలైతే ఈ పేరు ముందే ఉందని గొడవచేసి ఆగిపోతాయి. మన ఆస్పత్రిలో వాడేది కిక్కురుమనకుండా చివరొచ్చినదాన్నే ఉంచుకుంటుంది. బైబిల్లో చూపులేని తండ్రి దగ్గర తమ్ముడు అన్న పేరు చెప్పి దీవెన కాజేయలేదా? మీదీ అలాగే నాదాని చోట కూర్చుంది. నిన్న మూడేళ్ల పాపకు పెద్దల మోతాదుతో చీటీ వచ్చింది. "ఇది పాపకా, పహిల్వానుకా?" అని నర్సమ్మ ఆపబట్టి సరిపోయింది.

మీరేమో తప్పు నాదని సంతకం పెట్టమంటున్నారు. ఆదివారం చర్చిలో సత్యం చెప్పమని గొంతు చించుకునే నేను సోమవారం అబద్ధానికి సంతకం పెడతానా? అక్క ఏడ్చినా పెట్టను. మీ ప్రొసీజర్ పేరును ‘పెద్దల మోతాదు’ అని మార్చేశాను. పక్కనే రాసినవారి పేరూ చేర్చాను, మీది. చెరిపితే మళ్లీ రాస్తాను.

మీపై కోపమే గాని పగలేని,
మీ బావమరిది