సరూప భుజం, నా మిరపకాయ చెయ్యి

పెద్దక్కకు నీ తమ్ముడు మల్లయ్య కాళ్లు మొక్కి రాసేది. నేనూ మన మనుమరాలు సరూపా వరంగల్‌లో బాగానే ఉన్నాం. నీ మోకాళ్లు ఎట్లున్నాయి? బర్రె ఈనిందా? నోట్లో మిగిలిన మూడు పండ్లు ఉన్నాయా, కోడలిని తిట్టీ తిట్టీ అవి కూడా రాలగొట్టుకున్నావా? ఈ ఉత్తరం చదివి పెట్టే పోస్టుమాన్ ఇక్కడ నవ్వితే ఏమీ అనకు. మధ్యలో ఆపితే మాత్రం చాయ్ పొయ్యకు.

ఎండలు అప్పుడే ముదిరాయి. మా అద్దె అర్ర మీద రేకులు, పగలంతా పెనం మీద ఉన్నట్టే. సరూప చేసే జొన్నరొట్టె ఒక్కనాడూ గుండ్రంగా రాదు. నేను చేస్తే రొట్టే రాదు. తిండికి తక్కువ లేదు, ఫికర్ చెయ్యకు. అలుపు ఒక్కటే పోవడం లేదు. సాయంత్రం ఆమె గ్రౌండు నుంచి, నేను ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చి, చెరో గోడకు ఆనుకొని కూర్చుంటాం. మాట్లాడడానికి ఓపిక ఉండదు. నువ్వుంటే కొట్లాటైనా ఉండేది.

ఊరికి ఎప్పుడు వస్తారని అడిగావు. ఈసారి రాష్ట్రం టీములో సరూప పేరు రాకుంటే మూట కట్టుకొని వచ్చేస్తామని చెప్పాను కదా. ఆ సంగతే రాస్తున్నాను.

దాని ఆట నీకు మళ్లీ చెప్పాలె. సాఫ్ట్‌బాల్ అంటే పెద్ద బత్తాయంత బాల్. సరూప చేతిని గిర్రున ఒక చుట్టు తిప్పి, నడుము కింది నుంచి విసురుతుంది. అవతలి పిల్ల దాన్ని కట్టెతో కొట్టాలె. చిన్నప్పుడు దాన్ని మంచె మీద కూర్చోబెట్టి, వడిసెల చేతికిచ్చి, జొన్నచేను మీద వాలే పిట్టలను కొట్టమన్నావు చూడు, ఆ చెయ్యి అక్కడ తిరిగిందే. తొర్రూరు బడిలో డ్రిల్లు సారు చూసి పట్టుకున్నాడు. నాలుగుసార్లు రాష్ట్రానికి ఆడింది, రెండుసార్లు కప్పు తెచ్చింది. పతకాలు మేకుకు వేలాడుతున్నాయి. వాటి మీద నా అంగీ తగిలిస్తే రెండు రోజులు మాట్లాడలేదు.

రోజూ ఆట నుంచి రాగానే భుజానికి నూనె రుద్దమంటుంది. మొన్న సెలక్షన్ ముందురోజు కూడా రుద్దాను. అయితే, మార్కెట్‌లో పత్తి పని అయిపోయి, ఆ రోజే నన్ను మిరపకాయల దగ్గర కూర్చోబెట్టారు. పొద్దంతా రంగు పోయిన తాలుకాయ ఏరాను. సబ్బుతో కడుక్కున్నాను కూడా. నా చేతులు మొద్దువి, మంట తెలుస్తుందా? నూనె వెచ్చగా చేసి, ప్రేమ కొద్దీ గట్టిగా రుద్దాను.

"తాతా! ఏం పూసినవ్? భుజం కాలిపోతాంది!"

"నువ్వుల నూనెనే బిడ్డా!"

నా చెయ్యి గుంజి వాసన చూసింది. "మిరపకాయలు ఏరొచ్చి రుద్దినవా? నీ చేతులు పాడుగాను!"

మజ్జిగ పోశాం, తడిగుడ్డ వేశాం. ఇంటామె వచ్చి చూసి, "ముసలాయన పిల్లకు తాలింపు పెట్టిండే" అని ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదక్కా. నాకే రాలేదంటే చూడు.

తెల్లారి హన్మకొండ గ్రౌండులో తాడు అవతల నిలబడ్డాను. ముందు సరూప బాల్‌ను ఒక్క పిల్లా ముట్టుకోలేదు. జరసేపటికి చెయ్యి దిగిపోయింది. బాల్ సగం దూరంలోనే నేలకు తగిలింది. అప్పుడు ఏటూరునాగారం పిల్ల, పదిహేడేండ్లది, వచ్చి విసిరింది. పేర్లు చదివితే విసిరేది ఆ పిల్లే. మన సరూప పేరు అందరికంటే చివర, ఎక్స్‌ట్రాల్లో వచ్చింది.

ఇంటికి నడుస్తూ అన్నాను. "నా చేతులు ఇరగ. నావల్లనే అయింది బిడ్డా."

"నీ మంట పొద్దుగాల్నే పోయింది తాతా. ఇది పాత నొప్పి. రెండేండ్లాయె."

"మరి చెప్పలేదేందే?"

"చెప్తే ఊరికి పోదాం పా అంటవ్."

"అంటనే కద!"

"అందుకే చెప్పలే."

రెండేండ్లు రోజూ రుద్దిన చెయ్యి నాదే. అది ఆడి వచ్చిన అలుపు అనుకున్నాను. నాకు తెలియలేదక్కా.

ఎక్స్‌ట్రాగా పోతావా, మూట కట్టాలా అని అడిగాను. పోతానన్నది. ఇదే ఆఖరు అని కూడా తనే అన్నది. ఇప్పుడు ఆ ఏటూరునాగారం పిల్ల సాయంత్రాలు సరూప దగ్గర నేర్చుకోను మా అర్రకు వస్తుంది. విసిరేటప్పుడు దాని మణికట్టు సరిగ్గా తిరగడం లేదంట. మన వాసానికి వేలాడే వడిసెల పంపమని సరూప నీకు రాయమన్నది. తొర్రూరు బస్సు డ్రైవర్‌కు ఇవ్వు, నేను వచ్చి తీసుకుంటా. పోటీలు అయినంక ఇద్దరం వస్తాం. బాగా అలిసి వస్తాం, ఒక్కరోజైనా తిట్టకుండా పండుకోనియ్యి.

సరూప నీకు దండం పెట్టమన్నది. దాని భుజం మీద చెయ్యి పెట్టినట్టు అనుకొని దీవించు. పెద్దలందరికీ నా దండాలు, కోడలికి నా సానుభూతి.

నేను ఇప్పుడు బూడిదతో మూడుసార్లు చెయ్యి కడుగుతున్నాను. అయినా సరూప ముందు నా చెయ్యి వాసన చూస్తుంది, తర్వాతే భుజం ఇస్తుంది. ఎక్కడ నొప్పో కూడా ఇప్పుడు చెబుతుంది.

నీ చిన్న తమ్ముడు,
మల్లయ్య