నా నీళ్ల సామాను స్వాతికే

నల్లగొండ జిల్లా మునగాల మండల నివాసిని, కీర్తిశేషులు సామ రాంచంద్రయ్య గారి పెద్ద కుమార్తెను, కోదాడలో ఆడపిల్లల బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేసి రిటైరైన సామ ఆండాళు అనే నేను, అరవై ఒక్క సంవత్సరాల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ బతిమాలుడూ లేకుండా రాయించి, ప్రతి పేజీ కింద సంతకం చేస్తున్న వీలునామా ఇది.

నా మతి స్థిమితం మీద అనుమానం ఉన్నవాడు ఒక్కడే, నా తమ్ముడు గోపాల్. యాభై రెండేళ్ల వయసులో నేను రబ్బరు సూటు తొడుక్కుని, వీపున గాలి సిలిండరు కట్టుకుని మా పొలం బావిలో దిగిన రోజు నుంచీ అతనికి ఆ అనుమానం ఉంది. అందుకని నా తెలివి సరిగానే ఉందని హైదరాబాదు గుండె డాక్టరు గారి చేత రాయించి దీనికి జతపరిచాను. నా గుండెలో ఒక కవాటం పాడైందనీ, వచ్చే నెల ఆపరేషన్ చేయాలనీ, ఇక నీటి అడుగుకు పోవద్దనీ చెప్పింది కూడా ఆయనే. ఆపరేషన్‌కు సంతోషంగానే ఒప్పుకున్నాను. నీళ్లు మానేయడానికి మాత్రం ఏడ్చి ఒప్పుకున్నాను.

ఆపరేషన్ తర్వాత నేను లేస్తే ఈ కాగితాలకు పని లేదు. లేవకపోతే ఏం జరుగుతుందో మొన్న దసరాకు గోపాల్ నలుగురిలో చెప్పాడు. "అక్క ఉన్నన్ని దినాలే ఈ ఆట. అక్క పోయిందంటే ఖతం. ఆ పిల్ల మళ్ల బావిల దిగితే నా బిడ్డే కాదు." ఆ పిల్ల అతని కూతురు, నా మేనకోడలు స్వాతి. మిర్యాలగూడలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటోంది. నేను నేర్పిన విద్య నాతోపాటు కాటికి పోకుండా చూడటమే ఈ వీలునామా పని. ఆస్తుల సంగతి దాని తర్వాతే.

1. నన్ను మా వాళ్ల పద్ధతిలోనే దహనం చేయండి. పోయినవాళ్ల చాప, దిండు, కట్టుబట్టలు ఇంట్లో ఉంచరాదనే ఆచారం నాకు తెలుసు. నా చీరలు, దుప్పట్లు కాట్లో వేస్తారో, ఎవరికైనా ఇస్తారో మీ ఇష్టం. కానీ గోపాల్ ఇంకో మాట కూడా అన్నాడు. "పోయినోళ్ల బట్టలు ఇంట్ల పెట్టుకుంటరా? ఆ రబ్బరు తోలు సుత కాట్లనే ఏస్తం." అందుచేత స్పష్టం చేయడమేమనగా, సదరు రబ్బరు సూటు కట్టుబట్ట కాదు, పనిముట్టు. నాగలినీ కుట్టు మిషన్‌నూ ఎవరూ శవంతో పంపరు. పైగా అది తగలబడితే వచ్చే పొగకు, నా కోసం ఏడవదలచుకోని వాళ్లు కూడా ఏడుస్తారు.

2. ఆ సూటునూ, గాలి సిలిండరునూ, నోట పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటరునూ, గాలి నింపితే మనిషిని తేల్చే జాకెట్టునూ, కళ్లద్దాన్నీ, కాళ్ల రెక్కలనూ, సీసపు బరువుల నడికట్టునూ సర్వహక్కులతో స్వాతికి ఇస్తున్నాను. ఇందులో కొత్తది ఒక్కటీ లేదు. విశాఖపట్నంలో నేను ఈ విద్య నేర్చుకుంటున్నప్పుడు, ఆసక్తి చచ్చి అమ్ముకునే వాళ్ల దగ్గర ఒక్కొక్కటే కొన్నాను. వాడిన సామాను కొనడం ఎలాగో స్వాతికి నోటితో చెప్పాను కానీ, ఇక్కడ కూడా రాస్తున్నాను, ఎందుకంటే ముందు ముందు ఆమె ఒక్కతే బేరం ఆడాలి.

ఎద్దును కొనేవాడు పళ్లు చూసినట్టు, సిలిండరు కొనేటప్పుడు ముందు దాని మెడ చూడాలి. ఒత్తిడి పరీక్ష ఎప్పుడు చేయించారో అక్కడ చెక్కి ఉంటుంది. ఆ తేదీ పాతబడితే మళ్లీ పరీక్ష చేయించే దాకా తాకవద్దు. రెగ్యులేటరు గొట్టాలను చివర్ల దగ్గర వంచి చూడు, సన్నటి పగుళ్లు అక్కడే దాక్కుంటాయి. జాకెట్టులో గాలి నింపి మర్నాటి దాకా అలాగే ఉంచు, మెత్తబడితే వదిలేయి. అంతసేపు ఆగలేననే అమ్మకందారుని అక్కడే వదిలేసి బస్సెక్కు. ఏదీ మొహమాటానికి కొనవద్దు. మొహమాటం నీటి అడుగున ఊపిరి పోయదు.

గాలి గురించి. కోదాడ పంక్చర్ షాపులో నింపిస్తే సరిపోదా అని నన్ను అడగని వాళ్లు లేరు. ఆ గాలిలో నూనె ఉంటుంది, సిలిండరుకు కావలసిన ఒత్తిడి దానితో రాదు. మునగాలలో వెల్డింగ్ పనిచేసే అతను ప్రేమకొద్దీ ఆక్సిజన్ నింపి ఇస్తానన్నాడు. లోతులో అది విషం. హైదరాబాదులో ఈ విద్య నేర్పే క్లబ్బులోనే నింపించాలి. మొదటిసారి నింపించి తెస్తుంటే కండక్టరు ఆపాడు. "మేడం, గ్యాస్ బండ బస్సుల ఎక్కియ్యద్దు." గ్యాస్ కాదు, ఉత్త గాలి అని చెప్పాను. వెనక సీటు ముసలాయన "గాలి కోసం పట్నం దాక పోయినవా తల్లీ" అన్నాడు, బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. బస్సు మాత్రం దిగాల్సి వచ్చింది. అప్పటి నుంచి మిర్యాలగూడ మిల్లుల నుంచి పట్నం పోయే బియ్యం లారీల్లో పంపించి తెప్పించుకుంటున్నాం.

3. చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటరు కూడా స్వాతికే. దీన్ని వేరే క్లాజులో రాయడానికి కారణం, దీన్ని ఎంచుకోవడానికి నాకు పట్టిన తిప్పలు. ఎంత లోతులో ఉన్నామో, ఆ లోతులో ఇంకెంతసేపు ఉండొచ్చో, పైకి మరీ తొందరగా వస్తున్నామేమో చెప్పే యంత్రం ఇది. బావిలో దిగడానికి కంప్యూటరెందుకని బంధువులు ఎగతాళి చేశారు. లోతులో భయం పుట్టిన మనిషి ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి తన్నుకొస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి, అది సముద్రమైనా బావి అయినా. అలా తొందరపడినప్పుడు ఇది కీచుమంటుంది. నా జన్మలో నన్ను మెల్లగా రమ్మని చెప్పి, మానేయమని చెప్పనిది ఇదొక్కటే.

నేను మొదట కొన్నది ఇది కాదు. ఫోటోలో మెరిసిందని పోస్టులో తెప్పించుకున్న ఇంకొకటి. అది లోతును అడుగుల్లో చెప్పేది, నేను నేర్చుకున్నది మీటర్లలో. దాని బ్యాటరీ మనం మార్చుకునే వీలు లేదు, కంపెనీకి పంపాలి. రెండోసారి దిగేసరికి దాని కళ్లు మూసుకుపోయాయి. రెండోది కొనేటప్పుడు నేను నలుగురికి నచ్చిన హంగులు అడగలేదు. అంకెలు పెద్దవిగా ఉండాలి, బ్యాటరీ నాణెంతో తిప్పి మార్చుకోవాలి, ఉప్పునీరో మంచినీరో ఎంచుకునే వీలుండాలి. బ్యాటరీ అర తెరిచి పచ్చటి తుప్పు లేదని చూసుకున్నాకే ఒప్పుకున్నాను. ఇంటికి తెచ్చి చేద బకెట్లో కట్టి, కొలిచిన తాడుతో బావిలోకి దింపాను. తాడు ఒక లోతు చెప్పింది, కంప్యూటరు కొంచెం తక్కువ చెప్పింది. మోసపోయాననుకుని దాన్ని తిట్టాను. అది పాపం ఇంకా సముద్రపు లెక్కలోనే ఉంది. మంచినీటికి మార్చి మళ్లీ దింపితే తాడూ అదీ ఒకే మాట మీదికి వచ్చాయి.

స్వాతీ, ఒక మాట. మునిగినవాళ్ల ఒంట్లో ఎంత గాలి కరిగి ఉందో ఇది లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క కట్టుకున్న మనిషిదే. ఒకే రోజు ఇద్దరు మార్చుకుని వాడకూడదు. ఒకరి లెక్క ఇంకొకరి ఒంటికి అంటగట్టే అలవాటు మన ఇంట్లో ఉంది కాబట్టి చెబుతున్నాను. సాగర్ వెనుక జలాల్లో దిగినప్పుడు తోడు లేకుండా దిగకు. బావిలో తాడు లేకుండా దిగకు.

4. పైన చెప్పిన మొదటి కంప్యూటరును, అనగా కళ్లు మూసుకుపోయిన దాన్ని, గోపాల్ కొడుకు, నా మేనల్లుడు కార్తీక్‌కు ఇస్తున్నాను. నేను ఇంకా బతికి ఉండగానే "అత్తా, ఈ సామాను నెట్‌ల పెడితే మంచి రేటొస్తది" అని నా జాకెట్టుకు ఫోటోలు తీసిన పిల్లవాడతను. దీన్ని నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు. కొనేవాడికి నిజం చెప్పి అమ్మాలని షరతు.

5. వీరమ్మకు నా నీటి టార్చిలైటు, బడిలో వాడిన ఇత్తడి విజిల్, నా మెట్ట చెలకలో ఆమె గొర్రెలు ఎప్పటికీ మేసే హక్కు ఇస్తున్నాను. వీరమ్మ గొర్రెలు కాసుకునే మనిషి. ఈత రాదు. నేను బావిలో ఉన్నన్నాళ్లూ గట్టు మీద తాడు పట్టుకుని కూర్చున్నది ఆమె. ఒక గుంజు గుంజితే బాగున్నాను, రెండైతే తాడు ఇంకొంచెం వదులు, ఆగకుండా గుంజితే లాగెయ్యి అని ఒక్కసారే చెప్పాను, ఒక్కనాడూ పొరపడలేదు. దీనివల్ల లాభమేందని అందరూ అడిగారు. గోపాల్ అయితే "కాలువల పడ్డోళ్లను తియ్యక్కా, పేపర్ల ఏస్తరు, మన ఇంటికి పేరొస్తది" అన్నాడు. ఆడది నీళ్లలో దిగాలంటే శవమైనా తేవాలన్నమాట. నేను ఏమీ తేలేదు. చూడటానికి దిగాను, చూసి వచ్చాను. వీరమ్మ మాత్రం ప్రతిసారీ "లోపట ఏమున్నదమ్మా" అని అడిగేది. రాతి సందుల్లో ఊటలు ఇసుకను ఎలా ఎగజిమ్ముతాయో, కింద నుంచి చూస్తే సూర్యుడు ఎలా వణుకుతాడో చెబితే, తాడు చుట్టడం ఆపి వినేది. నాకు ఇంతకన్నా దగ్గరి మనిషి ఎవరూ లేరు.

6. ఇక నా తమ్ముడు, సూర్యాపేటలో ఎరువుల దుకాణం నడుపుతున్న గోపాల్. అతనికి ఈత నేర్పింది నేను. వీపుకు సొరబుర్ర కట్టి, బావి మెట్ల మీద నుంచి తోసి, పక్కనే దూకి పట్టుకునేదాన్ని. ఆ మరుసటేడు నేను పెద్దమనిషినయ్యాను. ఇక బావి వైపు పోవద్దని ఇంట్లో చెప్పారు. వాడు పోతూనే ఉన్నాడు. మధ్యాహ్నం తడి జుట్టుతో వచ్చి నా పక్కన అన్నానికి కూర్చునేవాడు. వాడి తల నుంచి నా బావి వాసన వచ్చేది. ఎవరి మీదా అరవలేదు. అప్పుడే అరిచి ఉంటే ఇంత సామాను కొనే పని ఉండేది కాదేమో. పైన ఈదితే ఊరంతా చూస్తుందన్నారు కాబట్టి, ఎవరూ చూడని అడుగుకే పోయాను.

బావి, దాని చుట్టూ ఉన్న చెలక స్వాతికి చెందుతాయి. హైవే పక్కన దాబాను ఆనుకుని ఉన్న ప్లాటును, పెట్రోలు బంకు కోసం గోపాల్ చాలా కాలంగా అడుగుతున్న దాన్నే, గోపాల్‌కు ఇస్తున్నాను. అయితే ఒక షరతు మీద, అది ఎనిమిదో క్లాజులో ఉంది. షరతు నెరవేర్చకపోతే సదరు ప్లాటు వీరమ్మకు, ఆమె తర్వాత ఆమె వారసులకు చెందుతుంది.

7. పిట్టకు పెట్టేనాడు కాకి ముట్టకపోతే, నా కోరిక ఏదో మిగిలిందని మీలో మీరు ఊహించుకుని లేనిపోని మాటలు ఇవ్వవద్దు. ముఖ్యంగా స్వాతి పెళ్లి గురించి నా పేరు మీద మాట ఇవ్వవద్దు. నా కోరికలన్నీ ఇక్కడ రాతపూర్వకంగా ఉన్నాయి. కాకికి తోచినప్పుడు తింటుంది.

8. నాతో పనిచేసిన రిటైర్డు హెడ్మాస్టరు దేవసహాయం గారిని ఈ వీలునామా అమలు జరిపే వ్యక్తిగా నియమిస్తున్నాను. వారు దీన్ని ఇంట్లో గానీ, వకీలు ఆఫీసులో గానీ చదవరాదు. పదకొండో రోజు దాటిన తర్వాత, పట్టపగలు, బావి గట్టు మీద, అయినవాళ్లను పిలిచి చదవాలి. ఏడో క్లాజు చదవడం మొదలుపెట్టే ముందు ఒక నిమిషం ఆగాలి. ఆ నిమిషంలో స్వాతి నీళ్లలో దిగుతుంది. ఆమెకు ఈ సంగతి చెప్పే ఉంచాను.

గోపాల్, ఈ వాక్యం నువ్వు వింటున్నప్పుడు నీ బిడ్డ బావి అడుగున ఉంది. ఇప్పుడు అరిచినా ఆమెకు వినపడదు. ఆమెకు అందేది తాడొక్కటే, అది వీరమ్మ చేతిలో ఉంది. షరతు ఇదే: వీరమ్మ దగ్గర ఆ తాడు తీసుకుని, స్వాతి పైకి వచ్చేదాకా అందరి ముందూ నువ్వు పట్టుకోవాలి. పట్టుకుంటే ప్లాటు నీది. లేకుంటే ఇంటికి పో, వీరమ్మ కూర్చునే ఉంటుంది. ఎలాగైనా నీ బిడ్డ క్షేమంగానే పైకి వస్తుంది. వచ్చి ముందు తాడు వెంబడి చూస్తుంది, అవతలి కొసన ఎవరున్నారా అని.

పైన రాసినదంతా దేవసహాయం గారు గట్టిగా చదవగా విని, ఒక్క అక్షరం మార్చనక్కర్లేదని చెప్పి, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

మునగాల, 18 నవంబరు 2013.

(సంతకం) సామ ఆండాళు

సాక్షులు:
1. (సంతకం) వీరేశం, లారీ డ్రైవరు, మిర్యాలగూడ
2. (సంతకం) సరోజన, రిటైర్డు టీచరు, కోదాడ