దూదికి పట్టిన చీమలు

చెల్లెమ్మా,

నువ్వు ఎత్తుకుని తిరుగుతున్న మనవరాలు కులాసా అని తలుస్తాను. ఇక్కడ నీ పెనిమిటీ కులాసాయే. ఆ కులాసా మీదే నాకు అనుమానం.

కుట్టుపనిలో కత్తెరా సూదీ పట్టీ పట్టీ మా ఇద్దరికీ మణికట్టులో నరం నొక్కుకుపోయి, బొటనవేలి నుంచి మధ్యవేలి దాకా తిమ్మిరెక్కిన సంగతి నీకు తెలుసు. పెద్దాసుపత్రిలో దీనికి రెండు రకాల సూదిమందులు పోల్చి చూస్తున్నారంటే వెళ్లాం. ఒకటి స్టెరాయిడ్, రెండోది గ్లూకోజు నీళ్లు. ఎవరికి ఏది పొడిచారో ఆరు నెలల దాకా చెప్పరట.

"చెబితే చేతికన్నా ముందు మనసు నయమైపోతుంది పెద్దాయనా," అంది డాక్టరమ్మ.

నేను పొట్లాల కాగితాలు చదివి పెరిగినవాణ్ణి. అవి ఎప్పుడూ అసలు సంగతి దగ్గరే చిరిగి ఉంటాయి, అందుకే మిగతాది ఊహించుకోవడం అలవాటైంది. ఇంటికొచ్చి, సూది పొడిచిన చోట అంటించిన దూది తీసి కిటికీలో పెట్టాను. బావ దూది కూడా అడిగి తెచ్చి పక్కనే పెట్టాను. నా దూదికి చీమల బారు. బావ దూది వైపు ఒక్క చీమ కన్నెత్తి చూడలేదు. డాక్టరమ్మ దాచగలదు గాని చీమలు దాస్తాయా?

కొద్ది రోజులకే బావ కత్తెర ఆడించడం మొదలుపెట్టాడు. మా దుకాణంలో కత్తెర పట్టినవాడే మాస్టరు. ఇన్నేళ్లూ ఆ బల్ల దగ్గర నిలబడ్డది నేను. ఇప్పుడు ఎడమచేత్తో ఇస్త్రీ చేస్తున్నాను. పైగా ఆసుపత్రి కాంపౌండరు ప్యాంట్లు కుట్టించుకునేది బావ దగ్గరే. ఇక నువ్వే కలుపుకో.

ఉండబట్టలేక అడిగేశాను. "మంచి మందు నువ్వు పొడిపించుకుని నాకు షర్బత్ పోయించావు కదూ బావా?"

కొలతలిస్తున్న పెద్దమనిషి చేతులు చాపి అలాగే నిలబడిపోయాడు.

"నీకు తిమ్మిరి కన్నా అనుమానం ముందు పుట్టింది బావా," అన్నాడు నీ మొగుడు. కత్తెర మాత్రం వదల్లేదు.

దుకాణం వేరు పడదామనుకుంటున్నాను. నీకు ముందే చెప్పడం ధర్మమని రాశాను.

నీ అన్న,
ప్రస్తుతానికి ఇస్త్రీ మాస్టరు

చెల్లెమ్మా,

నీ చీవాట్లు అందాయి. ఇంకా నాలుగు కలిపి రాయాల్సింది.

నా చెయ్యి ఎప్పుడు బాగైందో నాకే తెలియదు, తెల్లారడం లాగా. ఒకరోజు చూసుకుంటే సూదిలో దారం ఎక్కించేశాను. ఆ గొప్ప బావకి చూపిద్దామని వెళితే, బల్ల మీద తెల్లగుడ్డకి ఎర్ర మరక. ఆయన వేల్లో గుండుసూది దిగి ఉంది. ఆయనకి తెలియనే తెలియదు.

"ఎన్నాళ్లనుంచి?"

"తిమ్మిరి తిరిగొచ్చి చాన్నాళ్లయింది. నీ చెయ్యి లేచేదాకా ఎవరో ఒకరు గుడ్డ కొయ్యాలి కదా. చెబితే దానికీ ఓ అర్థం తీస్తావు."

మొన్న గడువు తీరి డాక్టరమ్మ చెప్పింది. చీమల మాట నిజమే, నాకు పడ్డవి గ్లూకోజు నీళ్లే. బావకి స్టెరాయిడ్ తొందరగా వచ్చి తొందరగా పోయింది, నా నీళ్లు నిదానంగా వచ్చి నిలబడ్డాయి. మా ఇద్దర్నే చూసి ఏ మందు మేలో తేల్చలేనంది. కాంపౌండరుకి కూడా ఎవరిదేదో తెలియదట.

బావకి ఈసారి నా నీళ్లే పొడిచారు. ఇంటికొచ్చి దూది ఇమ్మన్నాను.

"చీమల్ని నమ్మినంత నన్ను నమ్మవు," అంటూ ఇచ్చాడు.

కిటికీ దాకా తీసుకెళ్లాను. చీమలు చూడకముందే వెనక్కొచ్చి చెత్తబుట్టలో పారేశాను.

నీ అన్న