ఒడిలో పడ్డ చీర

1961, మాఘం. గురువారం రాత్రి.

నా నేస్తం సత్తెమ్మ కొత్తకోటకు, అత్తారింటికి వెళ్లిపోయింది. బండి ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకుని వాళ్ల అమ్మ చేతిలో పెట్టింది. "అమ్మా, ఇగ నా జాగల గీ యాదమ్మ ఉంటది. ఇయ్యాల్టి సంది గిదే నీ బిడ్డ" అని ఏడ్చింది.

వాళ్ల అమ్మను నేను అత్తమ్మా అనే పిలుస్తాను. అత్తమ్మ లోపలికి వెళ్లి, ఇంటి ఆడపిల్లకు పెట్టే చీర తెచ్చి, బొట్టు పెట్టి నా ఒడిలో వేసింది. "ఇగ అత్తమ్మ అనకు బిడ్డా, అమ్మా అను" అంది. నేను ఏడిస్తే సత్తెమ్మ కోసమే అనుకున్నారందరూ.

ఆమెను అత్తమ్మా అని పిలవడం నాకెందుకంత ఇష్టమో సత్తెమ్మకు తెలియదు. దాని పెళ్లి కానిచ్చి మా సంగతి చెబుదామని వాళ్ల అన్న నర్సింహ, నేను ఆగాం. ముందే చెప్పి ఉంటే మా కోసం అదే అందరితో కొట్లాడేది. ఊరంతా చూస్తుండగా చీర అందుకున్న చెల్లెల్ని ఇప్పుడు ఎవరు చేసుకోనిస్తారు?

దాని మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు.

పొద్దుగూకుతుంటే అత్తమ్మ, "చెల్లెను ఇంటికాడ దించిరా" అని నర్సింహను నా వెంట పంపింది. దారిపొడుగునా నాకు నాలుగడుగులు ముందే నడిచాడు. మా గడప దగ్గర ఆగి, నా ముఖం చూడకుండా, "తలుపేసుకో చెల్లె" అన్నాడు.