అప్ప మోకాళ్ల కోసం రోజుకో పేజీ

అప్పా,

బాగున్నావా అని అడగబోయి ఆగిపోయాను. అడిగితే ఈ తమ్ముడికి నువ్వెప్పుడు నిజం చెప్పావు గనక? నువ్వు పోయి రేపటికి రెండు నెలలు.

ఆటో బాగానే తిరుగుతోంది. ఆదివారాలు అరసవల్లి గుడికి జనం ఎప్పటిలాగే వస్తున్నారు. నీ కూతురు పదకొండో రోజు కార్యం అయ్యాక రాజాం వెళ్లిపోయింది. వెళ్లేముందు నీ మందుల సంచి నా చేతిలో పెట్టి, ఏడుస్తూ చెప్పింది... నీకున్నది మోకాళ్ల నొప్పి కాదని, లివర్‌లో గడ్డ అని, ఏడాది కిందటే డాక్టర్లు తేల్చేశారని. మావయ్యకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావట.

నాకెందుకు చెప్పలేదప్పా?

నన్ను పుస్తకం ముందు కూర్చోబెట్టింది నువ్వే కదా. "ఊరందర్నీ దేవుడి కాడికి సేరేస్తావు. నువ్వు మాత్రం బయట బీడీ కాల్సుకుంటూ ఉండిపోతావు. ఏటిరా నీ బతుకు?" అంటూ కిందటేడు ఓ రోజు పక్క వీధి నుంచి వచ్చి, నీ పారాయణ పుస్తకం నా ఒళ్లో పెట్టావు. నాకు భక్తి కుదరదన్నాను. "భక్తి కోసం సూడకు. ముందు కూకో. టీ తాగకముందు ఒక్క పేజీ సదువు, సాలు. భక్తి ఎనకాల అదే వస్తాది" అన్నావు.

చదివాక ఏం కోరుకోవాలో కూడా నువ్వే చెప్పావు. "నా మోకాళ్ల నొప్పి తగ్గాలని మొక్కు. రోజూ నా మొకం సూస్తావు కాబట్టి మర్సిపోవు."

మొదట్లో రెండు రోజులు చదివితే మూడో రోజు ఎగ్గొట్టేవాణ్ని. అలాంటప్పుడల్లా పొద్దున్నే కుంటుకుంటూ వచ్చి గడపలో నిలబడేదానివి. సిగ్గేసి కూర్చునేవాణ్ని. ఆ కుంటడం నిజమా, నాటకమా? నెల తిరిగేసరికి పేజీ చదవందే నాకు ఇంట్లో టీ గొంతు దిగడం మానేసింది.

కార్తీకంలో రామతీర్థం వెళ్లాం. కొండ మెట్లు నాకంటే ముందు నువ్వే ఎక్కావు. పైన కూర్చుని ఎంతసేపు ఆయాసపడ్డావో... నేను కంగారు పడితే "ఆయాసం వయసుదిరా. మోకాళ్లు సూడు, ఎంత బాగున్నాయో" అని నవ్వావు. నా మొక్కు ఫలించిందని మర్నాడు స్టాండులో అందరికీ మిఠాయి పంచాను. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఏడాదంతా దేవుణ్ని మోకాళ్లే అడిగాను. మోకాళ్లే ఇచ్చాడు. లివర్ అని చెప్పి ఉంటే అదే అడిగేవాణ్ని కదా? పోనీ, నువ్వు చెప్పలేదు. నా ఎదురుగా పటంలో ఉన్నవాడికి తెలియదా? ఆయనా నీ పక్షమేనా? ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ని చేశారు.

ఇంటి పేరు మారిన అప్ప కాబట్టి నాకు మైల మూడు రోజులే అన్నారు. నాలుగో రోజు నుంచి దీపం పెట్టుకోవచ్చట. నేను పెట్టలేదు, పుస్తకం ముట్టలేదు. ముందు ఏడుపుతో, తర్వాత కోపంతో. ఇంట్లో టీ కూడా మానేసి స్టాండులోనే తాగుతున్నాను.

ఈ పొద్దున ఒకటే వాన. ఆటో తీయలేదు. మా ఆవిడ టీ ఇచ్చింది. గ్లాసు నోటిదాకా వచ్చింది గానీ గుటక పడలేదు. టీ చల్లారిపోయింది. చివరికి నిన్ను తిట్టుకుంటూనే పుస్తకం తీశాను. గుర్తుకని నువ్వు పెట్టిన ఎర్రదారం నేను ఆపిన పేజీలోనే ఉంది. చదివాను. భక్తి లేదు, ఏమీ లేదు. అలవాటుగా చేతులు జోడించాను. నోటికి అదే వచ్చేసింది... అప్ప మోకాళ్ల నొప్పి తగ్గించు స్వామీ అని.

అప్పుడు ఏడ్చాను, మా ఆవిడ చూస్తుండగానే.

కోపం పోలేదప్పా. రేపూ కోపంతోనే కూర్చుంటాను. ఎల్లుండీ అంతే. టీకి ముందు ఒక్క పేజీ. నీ మోకాళ్లే అడుగుతాను. వేరే ఏం అడగాలో నువ్వు చెప్పి వెళ్లలేదు.

నీ తమ్ముడు